సూదిమందు కాగితం

“దాని నోట్లో ఏమీ పెట్టొద్దు! ఈ పొద్దు ఏకాదశి!”

వెనక సీట్లోంచి లేచిన కృష్ణస్వామి అరుపుకు ఆళ్లగడ్డ బస్సంతా అటు తిరిగింది. ప్రేమకుమారి చేతిలో బెల్లం ముక్క అలాగే ఆగిపోయింది.

ఆమె పక్క సీట్లో ఆయన భార్య శ్రీరంగమ్మ. నంద్యాలలో ఎక్కినప్పటి నుంచి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లు మూసుకునే ఉంది. శిరివెళ్ల దాటేసరికి ముఖమంతా చెమటలు, చేతులు వణుకు. ఒళ్లోని సంచి జారి, అందులోంచి చక్కెర జబ్బుకు వాడే సూదిమందు పెట్టె బయటపడింది. దాన్ని చూసే ప్రేమకుమారి తన సంచిలోంచి బెల్లం ముక్క తీసింది.

“సూది ఎప్పుడేసినారు స్వామీ?”

“పొద్దున్నే. రోజూ మాదిరే.”

“తిండి?”

“ఏకాదశి అంటాంటే తిండి అంటావేందీ? సూది పొడిస్తే ఉపవాసం చెడదు. నోట్లో పడితే చెడుతుంది. మెళ్లో శిలువ ఏసుకుని చర్చీకి పోయేదానివి, నీకేం తెలుసు?”

కండక్టర్ శ్రీకాంత్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. “ఆ పెట్టెలో కాగితం ఉంటాదక్కా. అంతా రాసింటారు, చూడు.”

ప్రేమకుమారి మడతలు విప్పింది. ఒక వైపు ఇంగ్లీషు, ఇంకో వైపు తెలుగు. వేలు పెట్టి చదవసాగింది. బస్సు ఎగిరినప్పుడల్లా వేలు కింది వరుసలోకి పోతోంది.

“ఇన్సులిన్ వేసుకున్న తర్వాత... ఆహారం... మానరాదు...”

“బేగా చదువక్కా!”

“చదువుతాండా కదప్పా! అక్షరాలు చూడు, చీమతలకాయలంత ఉండాయి.” ఆమె మళ్లీ వంగింది. “మానితే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. చెమటలు, వణుకు, చిరాకు, తికమక... స్పృహ ఉండగానే చక్కెర గానీ బెల్లం గానీ తినిపించాలి. స్పృహ తప్పాక నోట్లో ఏమీ వేయరాదు. ప్రాణాపాయం.”

చివరి మాట మాత్రం ఆమె కూడబలుక్కోకుండానే చదివేసింది.

ప్రేమకుమారి బెల్లం ముక్క శ్రీరంగమ్మ నోటి దగ్గరికి తీసుకుపోయింది. కృష్ణస్వామి ఒక్క దెబ్బతో దాన్ని కింద పడేశాడు. ఆ చెయ్యి తడితడిగా తగిలింది.

“ఎవరు నువ్వు? మా ఇంట్లోకి ఎవరు రానిచ్చినారు నిన్ను? దొర్నిపాడు వస్తానే దిగిపో!”

“దొర్నిపాడేంది స్వామీ? ఈ బస్సు ఆ పక్కకే పోదు,” వెనక నుంచి ఎవరో నవ్వారు. “కోపమొస్తే ఊర్లు గూడా మారిపోతాయా?”

ఆ గొడవకు శ్రీరంగమ్మ కళ్లు తెరిచింది. ఏదో చెప్పాలని కొంగు తీసింది. లోపలి నుంచి డోకు రాగానే మళ్లీ అడ్డం పెట్టుకుంది. వద్దు వద్దని తల ఊపింది. వణికే వేలితో భర్తను చూపించింది.

“మొగుణ్ని అడగమంటాంది, పాపం,” అంది ముందు సీటామె. “పానం పోతాండా గూడా ఆయన సరేననాల్నంట!”

ప్రేమకుమారికి ఒళ్లు మండింది. “స్వామీ, ఆయమ్మ బతికుంటే వచ్చే ఏకాదశి గూడా ఉపవాసముంటాది. ఈ పొద్దుకు వదిలిపెట్టు. శ్రీకాంతూ, పట్టుకోప్పా ఆయన్ని!”

శ్రీకాంత్ కృష్ణస్వామి భుజాలు పట్టి వెనక సీట్లో కూలేశాడు. ఆయన ఏదో గొణిగాడు. కాసేపటికి అదీ ఆగింది. తల కిటికీ ఊచకు ఆనింది.

“స్వామి సల్లబడినాడు. ఇప్పుడు పెట్టక్కా,” అన్నాడు శ్రీకాంత్.

ప్రేమకుమారి సంచిలోంచి ఇంకో ముక్క తీసింది. శ్రీరంగమ్మ కొంగు లాగేసి, దవడలు నొక్కి పట్టి, బెల్లం లోపలికి తోసింది. ఆమె గింజుకుంది, కిటికీలోంచి తల బయటపెట్టి భళ్లున కక్కేసింది. రొప్పుతూ ఇటు తిరిగి ప్రేమకుమారి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“నాకు బస్సు పడదు తల్లీ, అంతే... సూది ఏసింది ఆయనకు!”