గేటు బయటి మేస్త్రీ

“లోపలికి రావయ్యా గావ్రిల్! చచ్చినవాళ్ళు కరవరు. బతికున్నవాళ్ళతోనే మన బాధంతా!”

పెర్లా గొంతు చించుకుని అరిచింది. గావ్రిల్ మేస్త్రీ రోడ్డు మీద నిచ్చెన వేసుకుని, శ్మశానం గోడ మీదుగా నడుము మడిచి వంగి, లోపలి వైపుకు సున్నం పూస్తున్నాడు. అరవయ్యేళ్ళ మనిషి చేయవలసిన విన్యాసం కాదది.

“ఇక్కణ్ణుంచి అందుతోందిగా అమ్మగారూ.”

“అందుతుంది, అందుతుంది! పడ్డావంటే నీ పెళ్ళాం నా జుట్టు పీకుతుంది.”

“పడి చస్తే అప్పుడు లోపలికే వస్తాలెండి.”

కలుపు పీకుతున్న ఆడవాళ్ళు గొల్లుమన్నారు. పెర్లాకు మాత్రం ఒళ్ళు మండింది. ఈ మనిషి ఆమెకు ఎప్పటికీ అంతుపట్టడు. గోడ పని మొదలైందని తెలిసి పిలవకుండానే వచ్చాడు. కూలి మాటెత్తితే చెవిన వేసుకోడు. చర్చి గంట మోగితే టోపీ తీసి శిలువ గుర్తు వేసుకుంటాడు. గేటు దాటమంటే మాత్రం దయ్యాలున్నాయనో, కాళ్ళ నొప్పులనో నవ్వులాటగా తప్పించుకుంటాడు. యూదుల మట్టి తొక్కితే మైలపడతాననుకుంటున్నాడు కాబోలు!

వంతెన నుంచి సంత దాకా కొత్త రోడ్డు వేస్తారట. అది సరిగ్గా ఈ పాత యూదుల శ్మశానం నడుమనుంచే పోవాలట. ఒకప్పుడు ఈ ఊళ్ళో సగం మంది యూదులు. యుద్ధకాలంలో బళ్ళకెక్కించి తోలుకుపోయారు. తిరిగొచ్చిన కొద్దిమందీ తర్వాత ఓడలెక్కి వెళ్ళిపోయారు. మిగిలింది పెర్లా ఒక్కతే. ఆమె కూడా సరిహద్దు అవతల పుట్టి, మందుల షాపులో ఉద్యోగానికని ఇక్కడికి వచ్చిన మనిషి. ఈ రాళ్ళ కింద ఆమెకు నా అన్నవాళ్ళు లేరు.

మేయర్ కోజోకారు పట్టుకున్నది ఆ కొసే. “ఇక్కడ పడుకున్నవాళ్ళ వారసుడు ఒక్కణ్ణి చూపించండి పెర్లాగారూ. ‘మా తాతల చోటు, కదపొద్దు’ అని వాడొక్క మాటంటే రోడ్డు నేనే పక్కకి జరిపిస్తా. నేను మాట తప్పను.”

అలా వెళ్ళిపోయినవాళ్ళ కోసం ఆమె హైఫా దాకా, బ్రెజిల్ దాకా కబురంపింది. ఎవరూ పలకలేదు. అయినా వదిలే ఘటమా? వారసుడు లేకపోతే ఊరే వారసుడంటూ శీతాకాలమంతా ఇంటింటికీ తిరిగింది. ఎవరి దగ్గుకు ఏ మందిచ్చిందో గుర్తుచేసి మరీ జనాన్ని లాక్కొచ్చింది. బేకరీ ఆవిడ వచ్చింది, బడి పంతులు వచ్చాడు, చివరికి చర్చి ఫాదరు కూడా కొడవలి పట్టాడు.

మధ్యాహ్నం మేయరు ఇంజినీరును వెంటేసుకుని వచ్చాడు. బాగుచేసిన రాళ్ళ మధ్య తిరిగి, ఒకదాని ముందు ఆగాడు. వేళ్ళు విడదీసి చాచిన రెండు చేతులు చెక్కి ఉన్నాయి దానిమీద.

“ఇదేమిటి, ఎవర్నో ఆపుతున్నట్టు?”

“ఆపడం కాదండీ, దీవించడం. యాజకుల వంశం గుర్తు అది. కహానె ఇంటివాళ్ళు. ఈ ఊళ్ళో ఆ వంశం అదొక్కటే. వాళ్ళ మగవాళ్ళకు సమాధుల మధ్య తిరగడం నిషిద్ధం. ఊళ్ళో ఎవరు పోయినా, గేటు బయట అరుగుందే, దానిమీదే కూర్చుని దణ్ణం పెట్టి వెళ్ళేవాళ్ళట.”

“వాళ్ళ తాలూకు ఎవరైనా...”

“బళ్ళకెక్కించిన రోజు ఇల్లంతా ఖాళీ. పసిపిల్లలతో సహా.”

మేయరు మంచివాడే, కానీ ఓట్లు రోడ్డుకు పడతాయి గానీ రాళ్ళకు పడవు. గోడవైపు చూసి నవ్వాడు. “ఊరంతా మీ వెంట ఉందంటారు. మీ మేస్త్రీ చూడండి, లోపల కాలే పెట్టడు. అంత ఇష్టం లేని చోటును నేనెవరి కోసం ఉంచాలి?”

పెర్లా ముఖం జేవురించింది. ఇన్నాళ్ళ కష్టం ఈ మొండివాడి మూలంగా మట్టిపాలవుతోంది! విసవిసా గేటు దగ్గరికి నడిచింది. మేయరూ, జనమూ వెనకే వచ్చారు. గావ్రిల్ నిచ్చెన దిగి, అరుగు మీద కూర్చుని, మూట విప్పి జున్నూ రొట్టే తింటున్నాడు.

“గావ్రిల్, లే! అందరి ముందూ నా పరువు తీస్తున్నావు. ఒక్క అడుగు లోపలికి వెయ్యి. ఒక్కటే!”

అతను లేచి నిలబడ్డాడు. టోపీ తీశాడు. “గోడ ఎంతెత్తు కావాలంటే అంతెత్తు కడతానమ్మా. లోపలికి మాత్రం రాలేను.”

“ఎందుకు రాలేవు? మేమంటే అంత అసహ్యమా?”

“అయ్యో, అదేం మాటమ్మా!” గావ్రిల్ ఎప్పటిలా నవ్వబోయి, నవ్వలేకపోయాడు. “మా నాన్న వద్దన్నాడు. చిన్నప్పుడు ఈ అరుగు మీదే నన్ను కూర్చోబెట్టుకుని, మనింటి మగాళ్ళు ఈ గేటు దాటకూడదురా అన్నాడు. ఎందుకో చెప్పలేదు. అయినా ఇన్నేళ్ళూ దాటలేదు.”

“ఎవరికి చెబుతున్నావు కథలు? మీ నాన్న ఇలియె తేనెపెట్టెలు ఈ చెట్ల కిందేగా ఉండేవి! పొద్దస్తమానం లోపలే తిరిగేవాడు. ఆ తేనెతోనే నేను దగ్గుమందు కలిపేదాన్ని. మరి ఆయన దాటలేదూ ఈ గేటు?”

గావ్రిల్ సున్నం అంటిన చేతులతో టోపీని నలుపుతూ నేలచూపులు చూశాడు.

“ఆ నాన్న కాదమ్మా, బళ్ళకెక్కించి తీసుకుపోయిన మొదటి నాన్న.”