ఖాళీ మేకు

ఒమాన్‌లోని బహ్లాలో తనకు పనిచ్చిన యజమాని, అర్బాబ్, ఇంటి గోడ మేకుకున్న పాత తుపాకీని ఇస్తారి చింతపండుతో తోమి, వెండి కట్లు తళతళలాడేలా చేశాడు.

దుబాయ్ నుంచి కొనడానికొచ్చిన పెద్దమనిషి అడిగినంతా ఇచ్చేశాడు. "సరిహద్దు దాటితే దీనికి రెండింతలు పలుకుతుంది," అన్నాడు నవ్వుతూ. తర్వాత ఇస్తారి చేతుల వైపు చూశాడు. "ఇతన్నీ పంపు. మా దగ్గర జీతమూ రెండింతలే."

కహ్వా కాఫీ పోస్తున్న ఇస్తారి ఆశగా అర్బాబ్ వైపు చూశాడు.

అర్బాబ్ అతని భుజం చుట్టూ చెయ్యి వేశాడు. "తుపాకీ అంటే ఇచ్చాను. ఇతను నా తమ్ముడు. తమ్ముణ్ని ఎవడైనా అమ్ముకుంటాడా?"

వచ్చినాయన మెచ్చుకుంటూ తలూపాడు.

సాయంత్రం ఫోనులో భార్య కనకవ్వ అడిగింది: "నీ అర్బాబు మంచిగ చూస్తుండా?"

"సొంత తమ్మునిలెక్క చూస్తుండు," అన్నాడు ఇస్తారి, ఖాళీ మేకుకు ఇంకో తుపాకీ తగిలిస్తూ.