ఏసీ దుకాణంల ఎండాకాలం

సూరత్ నగరం, బమ్రోలి, మా ఒంటిగది సంస్థానపు ప్రజలైన ఇద్దరికి ఇందుమూలముగా ప్రకటించడమైనది: ఈ ఏటి వేసవి విహారం రింగ్ రోడ్డులోని ఏసీ చీరల దుకాణంలో జరుపబడును. ఆటో ఖర్చు తప్ప పైసా ఇవ్వబడదు.

మా చెల్లె బిడ్డ పెండ్లికి ఇరవై చీరలు కావాలని చెప్పి లోపలికి పోయినం. నాకు చెల్లె ఉంటే గద! సేల్స్‌మన్ చల్లటి నీళ్లిచ్చి, పరుపు మీద కూసోబెట్టి, చీర మీద చీర పరిచిండు. మా పదేండ్ల రుచిత ఆ గాలికి కండ్లు మూసుకొని, "బాపూ, పొద్దుగూకేదాక చూద్దాం" అని నా చెవుల చెప్పింది.

నోరు తెరవొద్దని నా భార్య భాగీరథికి ముందే చెప్పిన. గంటసేపు ఆగింది పాపం. ఇరవై ఏండ్లు మగ్గాల నడుమ బతికిన మనిషి ఇంకెంతసేపు ఆగుతది? ఓ చీర కొంగు గోటితోని గీకి, "ఇక్కడ పోగు తప్పింది భయ్యా, దీనికింత ధరనా?" అన్నది.

సేల్స్‌మన్ మా చేతుల దిక్కు చూసిండు. "లూములల్ల పనిచేస్తరా?"

"దొరికిపోయినం సేఠ్" అని రెండు చేతులు ఎత్తిన.

ఆయన పకపక నవ్వి, పిల్లకు లస్సీ తెప్పించి, రేపు గూడ రమ్మన్నడు.

ఈ ఆఖరి ముచ్చట మాత్రం నేను అల్లింది. ఆయన వాచ్‌మన్‌ను పిలిచిండు. వాడు నా రెక్క పట్టి, అందరు చూస్తుండంగ మెట్ల దాక ఈడ్చిండు. రుచిత వెనుకనే నడిచొచ్చింది.

నిన్న బండి కాడ రంగు షర్బత్ పోసిన మంచు ముద్ద, బరఫ్ గోలా తిని వద్దాం రా బిడ్డా అంటే, "పైసలిచ్చే తింటమా, బాపూ?" అని అడిగింది.