మందు కొట్టని తండా

చెంబులో చెయ్యి పెట్టే ముందు కాశీరాం కళ్లకు తువ్వాల కట్టించుకున్నాడు.

లోపల రెండు చింతగింజలు. సున్నం బొట్టు ఉన్నది వాగుతండా, లేనిది గుట్టతండా. చేతికి వచ్చిన గింజ ఏ తండాదైతే ఆ తండాకు దోమల మందు కొట్టరు.

నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు అది. ఆ మందు కొత్తగా వచ్చింది. అది చలిజ్వరాన్ని నిజంగా ఆపుతుందో లేదో తేల్చాలి. మిర్యాలగూడ చుట్టూ ఉన్న తండాలను జంటలు చేశారు. ప్రతి జంటలో ఒకదానికి మందు కొడతారు. రెండోదాన్ని పోల్చి చూడడానికి వదిలేస్తారు.

“ఏది వదలాలో మనం ఎంచుకోకూడదు. ఎంచుకుంటే మన మనసు లెక్కలోకి దూరుతుంది.” సూర్యాపేటలో డాక్టరు గారు, తన కింద జ్వరాల లెక్క రాసే పనిలో చేరిన కాశీరాంకు నూరిపోసిన మొదటి పాఠం ఇది.

వాగుతండా కాశీరాం పుట్టిన తండా. తల్లి గౌరీబాయి ఇంకా అక్కడే ఉంది.

“మీ అమ్మ ఉన్న తండానే బతికిచ్చుకుంటవ్ గద,” అన్నాడు గుట్టతండా రెడ్యా. చలిజ్వరానికి ముగ్గురు పిల్లలను పోగొట్టుకున్నవాడు. మిగిలిన ఒక్క బిడ్డ అతని భుజం మీద నిద్రపోతోంది.

“నా చేతుల ఏముంది రెడ్యన్నా? ఏ గింజ వస్తే గదే.”

చెయ్యి బయటికి వచ్చింది. వేళ్ల మధ్య సున్నం బొట్టు.

వాగుతండా వాళ్లు లేచి వెళ్లిపోయారు.

వానలు మొదలయ్యాయి. జ్వరాలు లెక్కపెట్టడానికి కాశీరాం తన తండాకే వారం వారం వెళ్లేవాడు. కూర్చోమని మంచం వాల్చేవాళ్లు లేరు. చిన్నప్పుడు కలిసి మేకలు కాసినవాళ్లు కూడా మొహం తిప్పుకునేవాళ్లు. తల్లి మాత్రం రొట్టె పెట్టేది.

“యాడీ, జర నాతోని సూర్యాపేటకు రా,” అని బతిమాలాడు.

“తండా అంత ఈడుంటే నేనొక్కదాన్ని ఎట్ల వస్త బిడ్డా? నువ్వేం జేస్తవ్, రాత గట్లున్నది.”

కాశీరాం తల ఎత్తలేదు. సగం రొట్టె తువ్వాలలో కట్టుకొని లేచాడు.

వానలు వెనకబట్టే వేళకు గౌరీబాయికి జ్వరం వచ్చింది. క్వినైను మింగించినా మనిషి నిలవలేదు.

మట్టి చేసిన చోటికి రెడ్యా బిడ్డను ఎత్తుకొని వచ్చాడు.

“గా గింజ అటుదిటైతే నా పిల్ల ఉండకపోవు. ఆనాడన్న మాట మనసుల వెట్టుకోకు తమ్మీ.”

కాశీరాం ఆ పిల్ల తల నిమిరి, దూరంగా వెళ్లి ఒక్కడే కూర్చున్నాడు.

చలికాలంలో సూర్యాపేటలో లెక్కలు తేల్చారు. మందు పనిచేసింది. వచ్చే ఏడు అన్ని తండాలకూ కొడతారు. డాక్టరు గారు సంతోషంగా ఉన్నారు.

“మా జంటను లెక్కలోంచి తీసెయ్యండి సార్,” అన్నాడు కాశీరాం.

“ఎందుకయ్యా? తేడా అన్నిటికంటే బాగా కనిపించింది అందులోనే.”

“తీసెయ్యండి సార్.”

తల్లి పోయిన దుఃఖం అనుకొని డాక్టరు గారు అతని భుజం తట్టి ఊరుకున్నారు.

సున్నం బొట్టు పెట్టే ముందు ఆ గింజ మీద, చూడకపోయినా వేలికి తెలిసేలా, కత్తితో గాటు పెట్టింది కాశీరామే. చెంబులో తడిమి పట్టుకున్నదీ ఆ గాటునే.