నీలం గీత

“ఐదు చుక్కలకీ పదిహేను చుక్కలకీ తేడా తెలియనిదానివి, నర్సువెలా అయ్యావే?”

గీతల మేస్త్రీ కంప్యూటర్ మీంచి కళ్ళు తిప్పకుండానే కూతుర్ని కడిగేశాడు. ఫారాలు, చార్టులు, పట్టికలు తయారుచేసే ఆ ఇరుకు షాపులో అందరూ ఆయన్ని పిలిచే పేరది. టేబుల్ గీయాలంటే ఆయన తర్వాతే ఎవరైనా. తప్పు కనబడితే చాలు ఆయనకి ఒళ్ళు మండుతుంది, అది కన్నకూతురు చేసిందైనా సరే.

కూతురు ఏడవలేదు. ఏడుపంతా మొన్నటితో అయిపోయింది.

“మందు ఎక్కువ పడిన ఆ పసిపాప బాగానే ఉంది నాన్నా. రెండు రోజులు మగతగా పడుకుని లేచింది. కానీ మూడింటికి నేను ఆస్పత్రి కమిటీ ముందు నిలబడాలి. నా మాట నమ్మకపోతే ఉద్యోగం ఊడుతుంది. ఒక్కసారి ఇది చదివి పెట్టు.”

బల్ల మీద మందుల చార్టు పరిచింది. రోగి మంచానికి తగిలించే చార్టుకి కలర్ జిరాక్స్ అది. అడుగున అంగుళం మేర కాగితం వెనక్కి మడిచి ఉంది. ఆమె వేలు పెట్టిన గడిలోకి మేస్త్రీ కళ్ళజోడు సర్దుకుని చూశాడు.

“పదిహేను. ఇందులో చదవడానికేముంది?”

“డాక్టర్ రాసింది ఐదు.”

“పక్కన ఒకటి అంత స్పష్టంగా కనబడుతుంటే ఐదంటావేంటి?”

“అది ఒకటి కాదు నాన్నా. గీత.”

మేస్త్రీ సొరుగులోంచి భూతద్దం తీశాడు. నిజమే. గడికీ గడికీ మధ్య పైనుంచి కిందదాకా నిలబడాల్సిన నిలువు గీత, వరసల మధ్య ఖాళీ వదలడంతో ముక్కలు ముక్కలైంది. ఒక్కో ముక్క అచ్చం ఒకటంకె అంత ఉంది. పైగా నీలం రంగు, డాక్టర్ పెన్ను రంగే. మిగతా గడుల్లో డాక్టర్ అంకెని మధ్యలో రాశాడు. ఇక్కడ మాత్రం గీతకి ఆనించేశాడు.

“ఏ గాడిద చేసిందే ఇది?”

“ఆస్పత్రి స్టోర్సువాళ్ళు ఎప్పుడో ఏజెంటు ద్వారా చేయించారట.”

“చేతులు విరగ్గొట్టాలి వెధవకి! అడ్డగీతలన్నీ ఎగరగొట్టాడు చూడు. అందమట, అందం! గడి లోపల ఆవగింజంత చోటు వదిలాడా? రంగు మాత్రం బాగానే ఎంచాడులే, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ మందుల చార్టుకి సోకులెందుకే?”

“సరిగ్గా చేస్తే ఎలా ఉంటుందో చేసి చూపించు. రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను వాళ్ళకి.”

గోడ గడియారంలో రెండుంబావు. మేస్త్రీ చేతిలో పని పక్కన పారేసి చొక్కా చేతులు పైకి మడిచాడు. కొత్త టేబుల్ తెరిచి, వరసల మధ్య ఖాళీని సున్నా చేశాడు. ముక్కలైన గీత ఒక్కటై నిలబడింది. దానికి నలుపు వేశాడు. ప్రతి వరస కిందా సన్నటి అడ్డగీత లాగాడు. గడి లోపల నాలుగు పక్కలా నాలుగేసి పాయింట్ల చోటు వదిలాడు. దాంతో టేబుల్ ఉబ్బిపోయి, పేజీ అడుగున ఎర్ర గుర్తు వెలిగింది. చివరి మూడు వరసలు పేజీలో పట్టడం లేదు.

“ఆ చోటు కాస్త తగ్గించెయ్ నాన్నా, టైమ్ లేదు.”

“చస్తే తగ్గించను. ఎవడో తగ్గించబట్టే కదే ఇవాళ నీ మెడకి చుట్టుకుంది!”

శీర్షిక అక్షరాలు చిన్నవి చేశాడు. రెండు వరసలు తింటున్న రోగి వివరాల్ని ఒక్క వరసలోకి నెట్టాడు. పై మార్జిన్ కాస్త కోశాడు. ఒక వరస లోపలికొచ్చింది. రెండోది వచ్చింది. మూడోది మొండికేసింది. ఆయన దానికన్నా మొండివాడు. మార్జిన్ మళ్ళీ కోశాడు, ఎర్ర గుర్తు ఆరిపోయింది. ప్రింటు తీసి, నీలం పెన్నుతో గీతకి ఆనించి మరీ అంకె వేశాడు.

“చదువు.”

“ఐదు,” అంది కూతురు.

మేస్త్రీ కుర్చీ ఆమె వైపు తిప్పాడు. “వారం నుంచీ నోటికొచ్చినట్టు తిట్టాను తల్లీ. మనసులో పెట్టుకోకు. రెండూ పట్టుకెళ్ళు. ఇంకేం కావాలి?”

“ఇది చాలదు నాన్నా. ‘ఇన్నేళ్ళుగా అందరూ ఇదే చార్టు చదువుతుంటే, నీ ఒక్కదానికే గీత ఒకటిలా కనిపించిందా, సాకులు చెప్పకు’ అంటారు. దీన్ని గీసినవాళ్ళే వచ్చి తప్పు మాదని చెప్పాలి. అలా ఎవరు చెప్తారు? షాపు పరువు పోదూ?”

“పోతే పోనీ! తప్పు చేయని పిల్ల ఉద్యోగం కన్నా షాపు పరువెక్కువా? వాడెవడో నాకు చెప్పు, కాలర్ పట్టుకుని కమిటీ ముందుకి ఈడ్చుకొస్తాను.”

“మాటంటే మాటేనా?”

“నేనెప్పుడైనా మాట తప్పానా?”

కూతురు పాత చార్టు అందుకుని, అడుగున మడిచిన అంగుళం మడత విప్పి, భూతద్దంతో సహా ఆయన ముందుకి జరిపింది.

చీమ తలకాయంత నీలం అక్షరాల్లో అక్కడున్న తన షాపు పేరు చదువుకుని, మేస్త్రీ మెల్లగా చెయ్యెత్తి తన కాలర్ తనే పట్టుకున్నాడు.