చెప్పులిడిసి వచ్చిన పంది

పొద్దున్నే పడమర దిక్కు నల్లటి మబ్బు లేచింది. మెదక్ జనమంతా వాకిట్లోకి వచ్చి చూసిన్రు. మబ్బు చర్చి శిఖరం దాకా వచ్చి, ఒక్క చినుకు రాల్చకుండా నర్సాపూర్ దిక్కు పోయింది. ఆ కరువు ఏడాదంతా రోజూ అదే తంతు.

"యోసేపూ! మళ్లొచ్చింది!" పక్కింటి గోడ అవతల నుంచి షాజహాన్ బీ కేక.

యోసేపు కర్ర ఊతంతో కుంటుకుంటూ పోయిండు. గుమ్మడి పాదు పక్కన మన్ను కుళ్లబొడిచి ఉంది. చుట్టూ గిట్టల గుర్తులు. కాయకు మాత్రం గీత కూడా పడలేదు.

"అడివి పందేనా, ఖాలమ్మా?"

"తోబా! పేరు తియ్యకు. గా బద్ జానవరే."

పంది పేరు పలికితే నలభై దినాలు నోరు శుద్ధి కాదని ఆ ముసలమ్మ నమ్మకం. పుట్టి బుద్ధెరిగి ఒక్కసారి పలకలేదు.

"అది ముట్టిన కాయ నా ఇంట్లకు రాదు. మీకు పట్టింపు లేదు గద, తీస్కపో. లేకుంటే పెంటకుప్పల పారేస్త."

"కడిగితే సరిపోదా?"

"కాయనైతే కడుగుత. మనసును యాడ కడగాలె?"

యోసేపు ఇండ్లు కట్టే సుతారి మేస్త్రి. గోడ మీది నుంచి పడి కాలు విరిగినప్పటి నుంచి పని లేదు. పాస్టరమ్మ నవోమి పంపిన గోధుమల సంచిని వాకిట్లో నుంచే తిప్పి పంపిండు. "పని చెయ్యని నోటికి కూడెందుకు?" అన్నడు. ఆ నోళ్లలో పిల్లల నోళ్లు కూడా ఉన్నయని అతని పెండ్లాం యేసమ్మ పైకి అనలేదు.

పారేసే కాయ వేరు. దాన్ని తీసుకున్నడు. అదీ ఊరికే కాదు.

"ఇగ నీ తోట కాపలా నాది, ఖాలమ్మా."

యోసేపు కాపలా అంటే కాపలానే. మంగలి షాపుల్లో ఊడ్చిన వెంట్రుకలన్నీ గోనెసంచిలో మోసుకొచ్చి తోట చుట్టూ పరిచిండు. వాసన చూసిన పందికి ముక్కుల్లో ఎక్కి ఇంక రాదట. యేసమ్మ పాత చీరలు కంపకు కట్టిండు. పాదుల నడుమ మంచం వేసుకుని గొంతెత్తి కీర్తనలు పాడిండు.

"అది బెదురుతదో లేదో గని, నా కోళ్లు గుడ్లు పెడ్తలేవు" అన్నది షాజహాన్ బీ.

పంది రాలేదు. వారమంతా రాలేదు. యోసేపు ఇంట్లో కూర గిన్నె బోర్లపడ్డది.

"జరంత కునుకు తియ్యిండ్రి. పిల్లలు ఉత్త రొట్టె మింగుతలేరు" అన్నది యేసమ్మ.

"పంది రావాలని మొక్కుతున్నవా?"

"మొక్కిన. తప్పా?"

ఆదివారం యోసేపు చర్చికి పోయి వచ్చేసరికి, పట్టపగలే పంది వచ్చి పోయింది. వెంట్రుకలు పక్కకు జరిపి మళ్ల సర్దినట్టున్నయి. ఒక్క తీగ తొక్కలేదు. ఒక్క కాయ కొరకలేదు.

"ఇదేం పంది! చెప్పులిడిసి వచ్చినట్టున్నది."

వంగి, గిట్ట గుర్తు పక్కన మన్నులో రెండు వేళ్లు ఒత్తి చూసిండు. అచ్చం అట్లాంటి గుర్తే పడ్డది. మొహం మాడిపోయింది. పిల్లకు జ్వరమని ఆ పొద్దు చర్చికి రానిది యేసమ్మ.

ఇంటికి పోయేసరికి, షాజహాన్ బీ గోడ మీది నుంచి ఇచ్చిన గుమ్మడికాయ పొయ్యి మీద కూరై ఉడుకుతున్నది. కూర గిన్నెతో సహా పెండ్లాన్ని షాజహాన్ బీ అరుగు ముందు నిలబెట్టిండు.

"ఖాలమ్మా, పందీ లేదు, గిందీ లేదు. నా పెండ్లామే దొంగ. పొద్దు గూకకముందే దీన్ని టేక్మాల్ల తల్లిగారింట్ల దించొస్త. ఇగ నా గడప తొక్కది."

"బైబిలు మీద ఒట్టు! నేను గోడ దాటలేదు" యేసమ్మ బోరుమన్నది.

"మరెవరు దాటిన్రు? దేవదూతలా?"

షాజహాన్ బీ ఇద్దరినీ చూసింది. చెవులు రెండూ పట్టుకుని, కండ్లు గట్టిగా మూసుకున్నది.

"నా కండ్లతోని చూసిన. పందే!"

యోసేపు నోరు తెరిచిండు. "ఏమన్నవు, ఖాలమ్మా?"

"పంది! నల్లగ, గింత పంది! కోరలు గూడ ఉన్నయి! ఇంకెన్నిసార్లు అనిపిస్తవుర నాతోని?"

బావి కాడికి ఉరికి చెంబెడు నీళ్లతో పుక్కిలించింది.

ఆ మాట ఆ నోట ఊరికే రాదని యోసేపుకు తెలుసు. పెండ్లాం ముందు తల వంచిండు. "తప్పయింది, యేసమ్మా. ఇల్లు నీదే."

"ఇగ కూసోండ్రి" అన్నది షాజహాన్ బీ మూతి తుడుచుకుంటూ. "రొట్టెలు నాయి, కూర మీది. ఇందుల దానమేం లేదు. గా గిన్నె మాత్రం నాకు దూరం పెట్టుకోండ్రి."

పిల్లలు కూడా వచ్చి అరుగు మీద వరుసగా కూర్చున్నరు. యేసమ్మ కూర వడ్డించింది. షాజహాన్ బీ తన పళ్లెంలో ఉల్లిగడ్డ, కారం పెట్టుకున్నది. అందరూ జొన్నరొట్టెలు తుంచి తినబట్టిన్రు.

పరాకున షాజహాన్ బీ కూడా ఇంత గుమ్మడికాయ కూర వేసుకున్నది.