దరువు నీది, మాట నాది

2023 మార్చి 6. ఆ పొద్దున తిన్నది బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. జమాల్ బాషాకు అదింకా గుర్తే. తన మాటల్ని పరాయి గొంతులో విన్న రోజది.

రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్. జమాల్ జిప్పులు వేస్తాడు. దివాకర్ చెకింగ్ బల్ల దగ్గర ఉంటాడు. దుకాణాలు వెనక్కి పంపిన ప్యాంట్లు కూడా ఆ బల్ల మీదికే వస్తాయి.

టిఫిన్ వేళ ఇద్దరూ చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుని సోల్, హిప్‌హాప్ పాటలు వింటారు. దివాకర్‌కు దరువు కావాలి. బేస్ గిటారు డ్రమ్ముకు రవ్వంత వెనకగా నడిస్తే కళ్లు మూసుకుంటాడు. జమాల్‌కు మాట కావాలి.

ఆ రోజు ఎవరో బెంగళూరు ర్యాపర్ కొత్త పాట. నింపాదైన దరువు. దాని మీద,

"వానకు మా ఊరి దావ తెల్దు, నువ్వొచ్చినావు, సాలు."

జమాల్ చేతిలో బజ్జీ అలాగే ఉండిపోయింది. అది తాను రంజాన్ బీకి రాసిన మాట.

మిషన్ల మోతలో మాట వినపడదు. అందుకే ఆమె ఉన్న రోజుల్లో, పక్కన కూర్చుని జేబులు కుట్టే భార్య రంజాన్ బీకి, చెప్పాలనుకున్నది ఏదో ఒక జేబు గుడ్డ ముక్క మీద పెన్నుతో రాసి తోసేవాడు.

"యాడ దాస్తాండావు ఇవన్నీ?" అని అడిగితే, "భద్రంగానే ఉండాయిలే" అని నవ్వేది.

ఆమె పోయాక ఇల్లంతా వెతికాడు. ఒక్కటీ దొరకలేదు. అంతకుముందు, ఆమె పోయిన నలభయ్యో నాడు ఇల్లు, ఆమె బట్టల పెట్టె సర్దడానికి వచ్చింది దివాకర్ ఒక్కడే.

దీపాలు పెట్టే వేళకు జమాల్ దివాకర్ గడప ముందు నిలబడ్డాడు.

"ఎవురికిచ్చినావప్పా?"

"ఏంది బాషన్నా?"

"దాని పెట్టెలో ఉన్నెవి. నువ్వు తప్ప ఆ పెట్టె ఇంగెవురు ముట్టినారు? కాదని చెప్పు దివాకరా. నమ్ముతా."



"నేనే ఇచ్చినా అన్నా. పాటకు బాగుంటాదని."

"అది ప్రాణం పోయేదాకా ఒక్కరికీ చూపీలేదు. నువ్వు ఊరికంతా పంచినావు."

జేబులోని ఇయర్‌ఫోన్ తీసి గడప మీద పెట్టి జమాల్ వెళ్లిపోయాడు.

ఆయన సందు మలుపు తిరిగేదాకా చూసి, జమాల్ రాసిన ముక్కల్ని ప్యాంట్లకు లోపలి జేబులుగా కుట్టి రంజాన్ బీయే అమ్మకానికి పంపేయగా, వాటిలో బెంగళూరు నుంచి తిరిగొచ్చిన ఒక ప్యాంటులోంచి తాను ఎప్పుడో కత్తిరించి, ఎవరికీ చూపకుండా దాచిన ఆ జేబును తన పెట్టె అడుక్కి తోసి, దివాకర్ రాత్రికి తలుపు చప్పుడు కాకుండా వేసుకున్నాడు.